ఆర్డిస్ పేరు మీదున్న డిష్

ఓర్విన్ విషయంలో నేను చేసిన మొదటి తప్పు, అతనికి పెళ్ళాం ఉందనుకోవడం. ఆ తప్పు నా ఒక్కదానిదే కాదు. ఎడారిలో మా వరసలో దిగిన పదహారు ఇంటిబండ్ల వాళ్ళదీ అదే తప్పు.

అతను నవంబరు మూడో వారంలో వచ్చాడు. వరస చివర, ఎండిన వాగు ఒడ్డున బండి నిలిపాడు. వంటిల్లూ మంచమూ అన్నీ లోపలే ఉన్న ముప్పై నాలుగు అడుగుల ఇంటిబండి, దాన్ని లాగడానికి ఒక డీజిలు ట్రక్కు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి. సన్నగా, పొడుగ్గా, గాలికి కొంచెం వంగిన పైపులా ఉంటాడు. రోజూ పొద్దున్నే మడత కుర్చీలు రెండు తెచ్చి, సూర్యుడికి ఎదురుగా పక్కపక్కన వేసి, ఒకదాంట్లో కూర్చుని కాఫీ తాగేవాడు.

మా క్వార్ట్‌సైట్ ఎడారిలో తలుపు తట్టడం మర్యాద కాదు. బయట కుర్చీ తెరిచి ఉంటే రావచ్చు, మడిచి ఉంటే రావద్దు. రెండు కుర్చీలు పక్కపక్కన వేసి ఉంటే మొగుడూ పెళ్ళాలు ముచ్చట్లాడుకుంటున్నారని అర్థం. మధ్యలో పానకంలో పుడకలా మనం వెళ్ళి కూర్చోకూడదు. అందుకని మూడు వారాలు ఎవరం వెళ్ళలేదు. ఆవిడ ఆలస్యంగా లేస్తుందని నేననుకున్నాను. జబ్బు మనిషేమోనని కొందరన్నారు. మా వరసకి పెద్దమ్మ లాంటి డోరీన్ మాత్రం, "అదేం కాదు. మనతో మాట్లాడితే నోరు అరిగిపోతుందనుకునే రకం" అని తేల్చేసింది.

చివరికి ఉండబట్టలేక నేనే నిమ్మకాయ రొట్టె ఒకటి కాల్చి పట్టుకెళ్ళాను. నాకు యాభై రెండేళ్ళు. పాత స్కూలు బస్సులో ఒంటరిగా ఉంటాను. బండ్ల ఎండతెరలు చిరిగితే కుట్టిపెడతాను. కాబట్టి ఎవరింటి ముందు నిలబడ్డా చిరుగు చూడ్డానికొచ్చానని చెప్పుకోవచ్చు.

"మీ ఆవిడ గారు లేచారా? ఒకసారి పలకరించి పోదామని" అన్నాను.

అతను పక్క కుర్చీ వైపు చూశాడు, అందులో ఎవరైనా ఉన్నారేమో చూసుకుంటున్నట్టు.

"ఆర్డిస్ పోయి రెండేళ్ళయిందమ్మాయ్."

నా చేతిలో రొట్టె ఉంది. అది ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"మరి... కుర్చీ?"

"రెండూ ఒకే సంచిలో ఉంటాయి. ఒకటి లాగితే రెండోది కూడా వస్తుంది."

నేనే ఆ రెండో కుర్చీలో కూర్చుని, సిగ్గు కొద్దీ, నేను తెచ్చిన రొట్టె సగం నేనే తినేసి వచ్చాను.

ఆ తర్వాత కొద్దికొద్దిగా తెలిసిన సంగతులివి. నార్త్ డకోటాలో హాట్టన్ అనే ఊరిలో ముప్పై ఒక్కేళ్ళు బడి బాయిలరు చూసుకున్నాడు. రిటైరైన నెలలోనే ఇల్లు అమ్మేసి ఈ బండి కొన్నారు. పదేళ్ళు ఇద్దరూ చలికి దక్షిణానికి, ఎండకి ఉత్తరానికి తిరిగారు. బండిలో మాటలన్నీ ఆవిడ వంతు, బోల్టులన్నీ ఇతని వంతు. దిగే చోటు ఫోన్‌లో మాట్లాడేది ఆవిడ, బండి నేలకు సమంగా నిలిపేది ఇతను. ఆవిడ పోయాక సగం పని ఆగిపోయింది. ఎవరికీ ఫోన్ చెయ్యక్కర్లేని చోట్లే వెతుక్కుని దిగుతున్నాడు. మా ఎడారి అలాంటిదే. ఒక అనుమతి చీటీ తీసుకుని అద్దానికి అంటిస్తే ఏప్రిల్ దాకా అడిగేవాడుండడు.

సాయంత్రం నాలుగింటికి డోరీన్ బండి ముందు మంట వేస్తాం. ఎవరి కుర్చీ వాళ్ళు, ఎవరి గ్లాసు వాళ్ళు తెచ్చుకోవాలి. నా రొట్టె పుణ్యమా అని ఓర్విన్ కూడా రావడం మొదలుపెట్టాడు. కానీ అందరికంటే ఒక గజం వెనక కూర్చునేవాడు. అడిగితే చెప్పేవాడు, అడక్కపోతే లేదు. మనుషులకి అడగడం కూడా విసుగే కదా. జనవరి చివరికి అతన్ని అడగడం అందరం మానేశాం. దూరాన ఒక పొద ఉన్నట్టు అతనూ ఉండేవాడు.

అలాంటివాడు ఫిబ్రవరి మొదటి మంగళవారం నోరు తెరిచాడు.

వచ్చే ఆదివారం ఫుట్‌బాల్ ఫైనల్ మ్యాచ్ ఎక్కడ చూడాలని మాట్లాడుకుంటున్నాం. ఏటా చూసేది హార్లన్ బండిలోనే. అతని కప్పు మీద డిష్, మీట నొక్కితే దానంతటదే లేచి, తిరిగి, ఉపగ్రహాన్ని పట్టుకుంటుంది. కాకపోతే అతని బండిలో మ్యాచ్ చూడ్డమంటే మ్యాచ్ కంటే హార్లన్‌ని ఎక్కువ వినాలి. ఆ డిష్ ఎలా పనిచేస్తుందో ఏటా మొదటినుంచీ చెబుతాడు.

"నా దగ్గర నలభై మూడు అంగుళాల టీవీ ఉంది" అన్నాడు ఓర్విన్ వెనకనుంచి. "బండి పక్క తలుపు ఎత్తితే బయట నుంచే చూడొచ్చు. అందరూ పడతారు."

అందరం వెనక్కి తిరిగాం. పొద మాట్లాడినట్టయింది.

డోరీన్ ముందుగా తేరుకుంది. "ఏవయ్యా ఓర్విన్, ఇన్నాళ్ళూ దాచిపెట్టావా? ఒరే హార్లన్, నీ ఉద్యోగం ఊడింది! ఇదిగో అందరూ వినండి, బీన్స్ కూర నాది. డార్లా, నువ్వు మొక్కజొన్న రొట్టె. ఆ నిమ్మకాయది మాత్రం తేకే తల్లీ, రాయి మేలు."

"మరీ అంత కాదు" అన్నాను.

"పన్ను కదిలింది నాకు!"

అందరూ నవ్వారు. ఓర్విన్ కూడా నవ్వాడు. ఆ సాయంత్రం వెళ్ళేటప్పుడు కుర్చీ మడుస్తూ, "పదహారు బండ్లంటే ఎంతమందుంటారు?" అని నన్నడిగాడు. ఇరవై ఆరు మందన్నాను. వేళ్ళ మీద ఏదో లెక్కేసుకుంటూ వెళ్ళాడు. రెండేళ్ళలో అతను మనుషుల్ని పిలవడం అదే మొదటిసారని నాకు అప్పుడు తెలియదు. అతని నడక చూస్తే మాత్రం తెలుస్తోంది.

బుధవారం పొద్దున్నే నా బస్సు దగ్గరికొచ్చాడు. నా కుర్చీ మడిచే ఉంది, అయినా వచ్చాడు.

"ఒక పది నిమిషాలు నీ గొంతు కావాలమ్మాయ్."

"పాడాలా ఏంటి, పెద్దాయనా?"

"అరవాలి."

అతనిది నేల మీద పెట్టే డిష్. ముక్కాలి స్టాండు మీద నిలబెట్టి చేత్తో తిప్పుకోవాలి. ఆ పనికి ఇద్దరు కావాలి. బయట ఒకరు డిష్‌ని వెంట్రుకవాసి కదుపుతుంటే, లోపల ఒకరు టీవీ మీద సిగ్నల్ అంకె చూసి కిటికీలోంచి అరవాలి. పదేళ్ళు ఆ అరిచే పని ఆర్డిస్‌ది. ఆవిడ పోయాక డిష్ మంచం కింద పడుంది, నెలనెలా కార్డులోంచి డబ్బు మాత్రం పోతూనే ఉంది. ఒకసారి ఒక్కడే ప్రయత్నించాడట. డిష్ కదిపి, లోపలికి పరిగెత్తి అంకె చూసి, మళ్ళీ బయటికి. నలభై సార్లు మెట్లెక్కి దిగాక మోకాలు పట్టేసి, డిష్ తీసి మళ్ళీ మంచం కింద పెట్టేశాడు.

నేను లోపల టీవీ ముందు నిలబడ్డాను. అతను బయట దిక్సూచి పట్టుకుని ఆగ్నేయానికి తిప్పాడు.

"సున్నా!" అని అరిచాను.

"ఇప్పుడు?"

"సున్నా! ... సున్నా! ... పన్నెండు! అయ్యో, పోయింది!"

"మెల్లిగా చెప్పు, పారిపోతుంది!"

"నేను మెల్లిగా చెబితే అది ఆగుతుందా ఏంటి? ఇరవై! ముప్పై ఒకటి! యాభై ఎనిమిది! ఆగు, ఆగు, చెయ్యి తియ్!"

ఎనభై నాలుగు దగ్గర నిలిచింది. బొమ్మ వచ్చింది. కిటికీలోంచి చూస్తే, అతను డిష్ వెనక మోకాళ్ళ మీద కూర్చుని, మొహం కిటికీ వైపు ఎత్తి ఉన్నాడు. నేను ఇంకా ఏదో అరుస్తానని ఎదురుచూస్తున్నాడు. ఆవిడైతే అక్కడ ఏదో అనేదై ఉంటుంది. ఏమనేదో నాకెలా తెలుస్తుంది? "బొమ్మ బాగుంది, పెద్దాయనా" అన్నాను. తల ఊపి లేచాడు.

తీరా చూస్తే వంటల చానెల్ వస్తోంది, పాత సినిమాలు వస్తున్నాయి, ఫైనల్ మ్యాచ్ చూపించే చానెల్ దగ్గర మాత్రం నల్ల తెర. హార్లన్‌ని పిలవక తప్పలేదు. చేతులు వెనక్కి కట్టుకుని వచ్చి, బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు.

"గురూ, లోకల్ చానెళ్ళు డిష్ వెంట రావు, అడ్రసు వెంట వస్తాయి. నీ ఖాతాలో ఏ ఊరుందో ఆ ఊరివే ఇస్తారు. అక్కణ్ణుంచి దూరం పోతే అవి అందవు. చివరిసారి ఎక్కడ దిగినప్పుడు మార్చావు?"

"ఆర్డిస్ మార్చేది. టెక్సస్‌లో అనుకుంటా."

"ఇంకేం, నీ బండి ఇంకా టెక్సస్‌లోనే ఉందనుకుంటున్నారు వాళ్ళు. ఫోన్ చేసి ఇక్కడి అడ్రసు చెప్పు, అయిదు నిమిషాల పని." వెళ్ళబోతూ ఆగి, "కుదరకపోతే చెప్పు. నా బండి ఉండనే ఉంది" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. ఓర్విన్ మొహం మాత్రం వాడిపోయింది.

ఎడారికి అడ్రసేమిటని మీకు అనుమానం రావచ్చు. మురుగు ట్యాంకులు ఖాళీ చేసే చోట ఒక చిన్న గది ఉంది, దానికి నంబరుంది. ఇక్కడ దిగిన వాళ్ళందరం డిష్ కంపెనీకి అదే ఇస్తాం. వాళ్ళ లెక్కలో ఆ ఒక్క గదిలో నూటపాతిక కుటుంబాలు కాపురం చేస్తున్నాయి. వీధి పేరడిగితే అందరం నవ్వకుండా చెప్పడం నేర్చుకున్నాం.

గురువారం మధ్యాహ్నం మళ్ళీ వచ్చాడు. టోపీ చేతిలో ఉంది.

"ఫోన్ చేశాను. ఖాతా ఆర్డిస్ పేరు మీద ఉందట. ఆవిడతోనే మాట్లాడాలన్నారు."

"చెప్పొచ్చు కదా, ఆవిడ లేరని."

"బయటికి వెళ్ళిందన్నాను."

అతని మొహంలోకి చూశాను.

"నోట్లోంచి అదే వచ్చింది" అన్నాడు. "తర్వాత ఇంకో అమ్మాయికి చేసి, ఎవరిదో సంగతన్నట్టు అడిగాను. మనిషి పోతే ఖాతా మార్చాలంటే మరణ పత్రం పంపాలట, పది రోజులు పడుతుందట. మ్యాచ్ ఆదివారం కదా." టోపీని ఒకసారి పూర్తిగా తిప్పాడు. "నీ గొంతు ఇంకోసారి కావాలి."

ఇది తప్పని నాకు తెలుసు. చట్టప్రకారం పెద్ద తప్పే కూడా. కానీ ఇరవై ఆరు మంది వస్తారని లెక్కేసుకున్న మనిషి ఎదురుగా నిలబడి ఉంటే తప్పు కొంచెం చిన్నదిగా కనిపిస్తుంది. నిజం చెప్పాలంటే సరదాగా కూడా అనిపించింది. బడిలో నాటకాల్లో వేసినదాన్ని.

ఫోన్ బల్ల మీద పెట్టి స్పీకరు నొక్కాం. ఆవిడ పుట్టిన తేదీ, కార్డు చివరి నాలుగు అంకెలు ఓర్విన్ ఒక అట్టముక్క మీద రాసి నా ముందు పట్టుకున్నాడు. ఫోనెత్తిన అమ్మాయి పేరు తమీకా. గొంతు తేనెలా ఉంది.

"నేను ఆర్డిస్‌ని" అన్నాను. ఓర్విన్ కళ్ళు మూసుకున్నాడు.

పుట్టిన తేదీ సరిపోయింది. అంకెలు సరిపోయాయి. నాకు ధైర్యం వచ్చి, నడుం నొప్పి గురించి కూడా ఒక మాట కలిపాను.

"థాంక్యూ మేడమ్. చివరగా ఒక్క భద్రతా ప్రశ్న. మీరే ఎంచుకున్నది. శేషజీవితంలో ఏ ఊళ్ళో స్థిరపడాలని మీ కోరిక?"

ఓర్విన్ వైపు చూశాను. అతను కళ్ళు తెరిచాడు. ఆ అట్టముక్క మీద దీనికి జవాబు లేదు.

పెదాలతో 'క్వార్ట్‌సైట్' అన్నాడు. నేను పైకి చెప్పాను.

"సారీ మేడమ్, అది కాదు."

అతను నా చేతిలోంచి పెన్సిల్ లాక్కుని 'హాట్టన్' అని రాశాడు. చదివాను.

"అది కూడా కాదు మేడమ్. ఇంకోసారి తప్పయితే ఖాతాకి తాళం పడిపోతుంది. తీయడానికి వారం పడుతుంది. ఆలోచించుకుని మళ్ళీ ఫోన్ చెయ్యండి, పర్లేదు. మా అమ్మ కూడా ఇంతే, తన జవాబులు తనే మర్చిపోతుంది."

"జవాబు మీకు కనిపించదా తల్లీ?"

"కనిపించదండీ. మీరు చెప్పింది నేను కొడతాను, అవునో కాదో మెషీన్ చెబుతుంది. అంతే."

ఫోన్ పెట్టేశాను. ఎక్కడ బతకాలని ఉందో తనకే తెలియని ఆడదానిలా నాకు సిగ్గేసింది. అతను హాట్టన్ అని రాసిన అట్టముక్క చూస్తున్నాడు.

"ఇల్లు అమ్మేటప్పుడు ఏడవలేదు" అన్నాడు. "నాకంటే ముందు బండిలో ఎక్కి కూర్చుంది. రోడ్డంటేనే ఇష్టం అనుకున్నాను. ఇంకో ఊరు ఉందని నాకు తెలీదు."

శుక్రవారమంతా ఆవిడ రోడ్డు పటాల పుస్తకం ముందేసుకుని కూర్చున్నాం. దిగిన ప్రతి చోటా పటం మీద పెన్సిల్‌తో సన్నగా ఒక ముక్క రాసుకుందావిడ. ఒకచోట 'గాలి.' ఒకచోట 'బట్టలుతికే చోటు శుభ్రం.' ఇంకోచోట 'ఎర్ర చొక్కా వాడు మొరటు.' పదేళ్ళ కాపురం చీమల బారులా ఆ పుస్తకం నిండా ఉంది.

"సముద్రమంటే ఆవిడకి ఇష్టం" అన్నాడు ఓర్విన్.

సముద్రపు ఒడ్డు పేజీ తీసి చదివాను. "'దోమలు. ఓర్విన్‌కి నచ్చింది.'"

"ఇడాహో సరస్సు?"

"'చలి. ఓర్విన్ చేప పట్టాడు.'"

"అరె, పెద్ద చేప అది!" అన్నాడు. ఒక్క క్షణం మొహం వెలిగి, మళ్ళీ ఆరిపోయింది. పేజీలు తిప్పుతూ పోయాం. 'ఓర్విన్‌కి నచ్చింది' అని చాలాచోట్ల ఉంది. తనకి నచ్చిందని ఆవిడ ఎక్కడా రాసుకోలేదు. అతను పుస్తకం మూసిన తీరు చూస్తే ఆ సంగతి గమనించాడనే అనిపించింది.

ఆ సాయంత్రం మంట దగ్గర డోరీన్ గొంతు మోగుతోంది. "ఓర్విన్, బల్లలు రెండు చాలా, మూడు తెమ్మంటావా?"

"మూడు" అన్నాడు.

హార్లన్ నన్ను పక్కకి లాగి, "కుదిరిందా?" అన్నాడు గొంతు తగ్గించి. "లేదంటే ఇప్పుడే చెప్పమను. నేనేం గొప్పలు పోనులే. ఆదివారం చెబితే పరువు పోతుంది పాపం."

"కుదురుతుంది" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు.

శనివారం పొద్దున్న కాఫీ కాచుకుంటుంటే తలుపు చప్పుడయింది. మా ఎడారిలో ఎవరూ తట్టరన్నానే, ఓర్విన్ తట్టాడు. రాత్రి పడుకోనట్టుంది. లోపలికి రాకుండా మెట్టు మీదే నిలబడి, "ఆరీలియా" అన్నాడు.

"అదెక్కడ?"

"కొలరాడోలో. పటంలో రాయలేదు, అక్కడ మేం దిగలేదు కాబట్టి." మెట్టు మీద కూర్చుని, అటు వైపు తిరిగి చెప్పాడు. "ఏడేళ్ళయింది. డీజిలు కోసం ఆగాం. ఇరుకు వీధులు. ఇంత పొడుగు బండి అక్కడ మళ్ళదు. అడ్డంగా పెట్టి నేను స్టీరింగ్ దగ్గరే కూర్చున్నాను. ఆవిడ కాళ్ళు సాచుకుంటానని దిగి, పక్క వీధిలోకి పోయింది. ఒక ఇంటావిడ ఆప్రికాట్లు కోస్తోందట, ఇద్దరూ మాటల్లో పడ్డారు. అరగంటయింది. హారన్ కొట్టాను. రెండుసార్లు కొట్టాను. కాగితం సంచి నిండా పళ్ళతో వచ్చింది. 'మంచి ఊరు, ఓర్విన్' అంది. 'బండి తిప్పుకునే చోటు లేదు' అన్నాను."

"అంతేనా?"

"తర్వాత ఆ చుట్టుపక్కలకి వెళ్ళిన ప్రతిసారీ అడిగేది, ఆరీలియా మీదుగా పోదామా అని. నేను ప్రతిసారీ అదే చెప్పేవాణ్ణి. బండి తిప్పుకునే చోటు లేదని. నాలుగైదు సార్లు అడిగింది. తర్వాత అడగలేదు."

బండి జీవితంలో ఇలాంటి మాటలు అందరం అంటాం. ఊరు బాగుందా లేదా అని చూడం. బండి పడుతుందా, మళ్ళుతుందా, కొమ్మలు కప్పుకి తగులుతాయా అని చూస్తాం. ఆ లెక్కన ఎన్ని మంచి ఊళ్ళు నేనూ దాటిపోయానో.

"ఖాయమేనా? ఒక్కసారే ఉంది మనకి" అన్నాను.

"ఖాయం కాదు. అది కాకూడదనే ఉంది నాకు."

అంటూనే లేచి, "పద" అన్నాడు. "మధ్యాహ్నానికి జనం బల్లలు తెచ్చేస్తారు."

ఈసారి ఫోనెత్తింది ఒక కుర్రగొంతు. పుట్టిన తేదీ, నాలుగు అంకెలు అన్నీ అయ్యాయి. నేను నడుం నొప్పి ఊసెత్తలేదు.

"శేషజీవితంలో ఏ ఊళ్ళో స్థిరపడాలని మీ కోరిక, మేడమ్?"

ఓర్విన్ బల్ల అంచు పట్టుకున్నాడు. నన్ను కాదు, ఫోన్‌ని చూస్తున్నాడు.

"ఆరీలియా" అన్నాను.

అటువైపు మీటలు టకటకలాడాయి. ఆ చప్పుడు ఆగింది.

"థాంక్యూ మేడమ్, సరిపోయింది. ఇప్పుడు కొత్త అడ్రసు చెప్పండి."

మురుగు గది నంబరు చెప్పాను. వీధి పేరు నవ్వకుండానే చెప్పాను, నవ్వే ఓపిక లేదు. బల్ల అంచు పట్టుకున్న ఓర్విన్ చేతుల వైపు చూడకుండా గోడవైపు చూస్తూ చెప్పాను.

"అయిపోయిందండీ. ఒక గంటలో చానెళ్ళు వచ్చేస్తాయి" అన్నాడు కుర్రాడు. అక్కడితో ఊరుకోవచ్చు కదా. మర్యాదస్తుడు, ఊరుకోలేదు. "మా నాయనమ్మది ఆరీలియా పక్క ఊరేనండీ. ఆప్రికాట్లు భలే ఉంటాయి. ఎప్పుడు స్థిరపడుతున్నారు అక్కడ?"

ఓర్విన్ తల ఎత్తలేదు. ఏదో ఒకటి చెప్పాలి కదా. నా నోట అలా వచ్చేసింది, నేను ఆపుకోలేకపోయాను.

"మా ఆయన అక్కడ బండి తిప్పుకునే చోటు లేదంటాడు బాబూ."

కుర్రాడు గలగలా నవ్వాడు. "అయ్యో, దానికేముందండీ! ఊరి బయట మైదానం ఉంది, బండి అక్కడ విప్పేసి నడిచి రమ్మనండి. ఎంతండీ, పది నిమిషాల దూరం!"

"చెబుతాను" అన్నాను.

ఫోన్ పెట్టేశాను. చెప్పాల్సిన పనిలేదు, స్పీకర్లో అతను విన్నాడు. లేచి కుళాయి దగ్గరికి వెళ్ళి, శుభ్రంగా ఉన్న కప్పు ఒకటి తీసుకుని కడగడం మొదలుపెట్టాడు. బండిలో నీళ్ళు పొదుపుగా వాడే మనిషి, కుళాయి అలాగే వదిలేశాడు. నేను క్షమించమని అడగబోయాను. దేనికని అడగాలో తెలియక, "గంటలో వస్తాయట" అని చెప్పి వచ్చేశాను.

వచ్చాయి. ఆదివారం మూడు గంటలకే జనం దిగిపోయారు. మూడు బల్లల మీద బీన్స్ కూర, మిరప మాంసం, నా రొట్టె, ఎవరో తెచ్చిన పచ్చడి సీసాలు. ఓర్విన్ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. గడ్డం గీసుకున్నచోట తెగి, కాగితం ముక్క అంటించుకున్నాడు. వచ్చిన ప్రతివాళ్ళకీ టీవీ ఏ కోణం నుంచి బాగా కనబడుతుందో చూపించి కూర్చోబెట్టాడు. హార్లన్ బొమ్మని పరీక్షగా చూసి, "నా దానికంటే శుభ్రంగా వస్తోంది గురూ" అన్నాడు. అతను అలా అనగలడని మాకెవరికీ తెలియదు.

"ఈ పిల్లికి నోరే లేదనుకున్నాం, ఊరంతటినీ పిలిచి కూర్చోబెట్టింది చూడు!" అంది డోరీన్ ఓర్విన్ వీపు మీద చరుస్తూ. చేతిలో కాఫీ ఒలికింది. అతను నవ్వాడు.

మొదటి సగం బ్రహ్మాండంగా సాగింది. విరామం అయ్యేసరికి గాలి లేచింది. మా ఎడారి గాలికి మ్యాచ్ ఉందనీ లేదనీ ఉండదు. బొమ్మ గళ్ళుగళ్ళుగా విరిగి, అతుక్కుని, మళ్ళీ విరిగింది. అందరూ ఒక్కసారి అరిచారు. కాసేపటికి సర్దుకుంది. తర్వాత మళ్ళీ చెదరలేదు. అందరూ అరుపులు, పందేలు, బూతుల మధ్య మ్యాచ్‌లో మునిగిపోయారు.

రొట్టె పళ్ళెం పట్టుకుని ఓర్విన్ కోసం చూశాను. కుర్చీల్లో లేడు. లోపలా లేడు. బండి చుట్టూ తిరిగి వెనక్కి వెళితే అక్కడున్నాడు. ముక్కాలి స్టాండుకి నీళ్ళ డబ్బాలు మూడు వేలాడదీసి, అవి చాలక, డిష్ అంచుని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా గాలికి వీపు మీద బుడగలా ఉబ్బింది.

"ఎంతసేపట్నుంచి?"

"విరామం నుంచి. ఎలా వస్తోంది బొమ్మ?"

"నిలకడగా ఉంది. నేను పట్టుకుంటాను, నువ్వు వెళ్ళి చూడు. నీ ఇంటికొచ్చిన జనం కదా."

"వద్దు. చేతులు మారిస్తే జారిపోతుంది."

పళ్ళెం కింద పెట్టి, గాలికి అడ్డంగా అతని పక్కన నిలబడ్డాను. బండికి అవతల జనం ఒక్కసారిగా గొల్లుమన్నారు. ఎవరో ఏదో సాధించారు, ఎవరో మాకు తెలీదు.

"మార్చిలో ఎటు పోతావు, పెద్దాయనా?" మార్చి వస్తే ఎడారిలో ఎవరినైనా అడిగే మాటే అది.

డిష్ అంచు మీద పట్టు బిగించాడు.

"ఆరీలియా పోదామనుకుంటున్నా. బండి ఊరి బయట పెట్టి."

"ఏముంది అక్కడ?"

"తెలీదమ్మాయ్. నేను దిగలేదుగా."

డిష్ ఒకసారి వణికింది. అతను భుజం ఆనించి దాన్ని నిలబెట్టాడు. అవతల నుంచి డోరీన్ కేకేసింది, "ఓర్విన్! ఎక్కడ చచ్చావయ్యా! బొమ్మ అద్దంలా ఉంది!"

"ఉండనీ" అన్నాడతను, నాకు మాత్రమే వినబడేట్టు.